లేచే తీరులోనే లోగుట్టు

పిల్లల కండరాల జబ్బుల్ని తొలిదశలో పసిగట్టడానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. కానీ జబ్బు పేరు తేల్చుకోకుండా వ్యాయామం మొదలుపెడితే మేలుకన్నా కీడే ఎక్కువ. భోపాల్‌పట్నం లాంటి మారుమూల సరిహద్దు ప్రాంతాల్లో చిక్కంతా అక్కడే.

నేల మీద కూర్చున్న అయిదేళ్ల పిల్లల్ని లేచి నిలబడమనండి. అందరూ చటుక్కున లేస్తారు. ఎప్పుడో ఒకసారి, ఏదో ఒక ఊళ్లో, ఒక్కడు మాత్రం వేరుగా లేస్తాడు. ముందు బోర్లా తిరుగుతాడు. చేతులూ కాళ్లూ నేలకు ఆనించి నడుం పైకెత్తుతాడు. తర్వాత ఒక చేయి మోకాలి మీద, రెండో చేయి తొడ మీద వేసి, తన ఒంటినే నిచ్చెన చేసుకుని ఎక్కుతున్నట్టు మెల్లగా నిటారవుతాడు. బడిలో వాణ్ని బద్ధకస్తుడంటారు. ఇంట్లో బలం చాలలేదని టానిక్కు పట్టిస్తారు. వైద్యులు మాత్రం దీన్ని 'గోవర్స్ సంకేతం' అంటారు. లండన్ వైద్యుడు విలియం గోవర్స్ 1879లో దీన్ని వివరంగా వర్ణించారు. తుంటి, తొడ కండరాలు బలం కోల్పోతున్నాయనడానికి ఇది గుర్తు. నాలుగైదేళ్ల మగపిల్లాడిలో కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది డుషెన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ అనే కండరాల క్షీణత వ్యాధిని.

ప్రపంచవ్యాప్తంగా పుట్టే మగపిల్లల్లో సుమారు 3,500 నుంచి 5,000 మందికి ఒకరికి ఈ జబ్బు ఉంటుందని అంచనా. ఆ లెక్క నుంచి ఏ ప్రాంతానికీ మినహాయింపు లేదు. తేడా అల్లా జబ్బు ఎప్పుడు బయటపడుతుందన్న దగ్గరే. పెద్దాసుపత్రులున్న దేశాల్లో కూడా తల్లిదండ్రులకు మొదటి అనుమానం వచ్చిన నాటికీ, జబ్బు పేరు తేలే నాటికీ మధ్య రెండేళ్లకు పైగా గడిచిపోతోందని అధ్యయనాలు చెబుతున్నాయి. ఇక ఇంద్రావతి ఒడ్డున ఉన్న ఊళ్ల సంగతి చెప్పేదేముంది?

మూడు రాష్ట్రాల ముంగిట

భోపాల్‌పట్నం ఒకప్పుడు బస్తర్ సంస్థానంలోని జమీందారీ. ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లో, 2007లో దంతెవాడ నుంచి విడిపోయి ఏర్పడిన బీజాపూర్ జిల్లాలో భాగం. ఇంద్రావతి దాటితే మహారాష్ట్రలోని సిరోంచ. జాతీయ రహదారి 163 పట్టుకుంటే తెలంగాణలోని ములుగు, వరంగల్ మీదుగా హైదరాబాద్. సంతలో తెలుగు, ఇళ్లలో దోర్లీ, గోండీ, ఆఫీసుల్లో హిందీ వినిపిస్తాయి. జిల్లా కేంద్రమైన బీజాపూర్ సుమారు 50 కిలోమీటర్లు. వైద్య కళాశాల ఉన్న జగ్దల్‌పూర్ 200 కిలోమీటర్ల పైమాటే. రాయ్‌పూర్‌లోని ఎయిమ్స్‌కు వెళ్లాలంటే దాదాపు 500 కిలోమీటర్లు. హైదరాబాద్ అంతకన్నా దగ్గర, భాషా కలుస్తుంది. అందుకే జబ్బు ముదిరితే ఇక్కడివారి చూపు సహజంగానే గోదావరి అవతలికి మళ్లుతుంది.

పిల్లల నరాలు, కండరాల పరీక్షలో భాషకు ఎక్కడా లేనంత ప్రాధాన్యం ఉంది. ఎందుకంటే ఇక్కడ సగం నిర్ధారణ తల్లి చెప్పే మాటల్లోనే దొరుకుతుంది. మెడ ఎప్పుడు నిలబెట్టాడు? ఎప్పుడు కూర్చున్నాడు? ఏడాదిన్నర దాటాక కూడా నడవలేదా? మొదట్నుంచీ నడక ఇంతేనా, లేక బాగా నడిచినవాడే తగ్గిపోయాడా? మేనమామల్లో ఎవరైనా చిన్న వయసులో మంచాన పడ్డారా? ఈ ప్రశ్నలు హిందీలో వేసి, తెలుగులోనో దోర్లీలోనో జవాబు రాబట్టి, మళ్లీ హిందీలో రాసుకునేసరికి 'తగ్గిపోయాడు' కాస్తా 'నడవలేడు'గా మారిపోవచ్చు. చూడ్డానికి చిన్న తేడానే. కానీ పుట్టుకతో వచ్చి మారకుండా ఉండే లోపానికీ, రోజురోజుకూ ముదిరే జబ్బుకూ మధ్య గీత గీసేది ఆ ఒక్క మాటే.

నడక ఒకటే, కారణాలెన్నో

కాలు ఈడుస్తూ నడిచే పిల్లాణ్ని చూస్తే పాతతరం వారు నేటికీ 'పోలియో' అనేస్తారు. నిజానికి దేశంలో సహజ పోలియో వైరస్ చివరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో నమోదైంది. 2014 మార్చిలో భారత్‌కు పోలియోరహిత ధ్రువీకరణ లభించింది. కాబట్టి ఇప్పటి చిన్నపిల్లల్లో ఆ జవాబు దాదాపుగా తప్పే.

భోపాల్‌పట్నం ప్రాంతానికి మరికొన్ని ముసుగులున్నాయి. ఇక్కడి గెర్రాగూడ గ్రామం నీళ్లలోని ఫ్లోరైడ్ కారణంగా పలుమార్లు వార్తల్లోకెక్కింది. నల్గొండ అనుభవం తెలిసిన తెలుగువారికి ఫ్లోరోసిస్ గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఎముకలు వంగి, కీళ్లు బిగుసుకుని నడక మారిపోతుంది. అలాంటి చోట ఏ పిల్లాడు తూలినా 'నీళ్ల దోషం' అనుకోవడం సహజం. విటమిన్ డి లోపంతో వచ్చే రికెట్స్‌లోనూ పిల్లలు బాతులా ఊగుతూ నడుస్తారు, నేల మీంచి లేవలేక అవస్థ పడతారు. బస్తర్ అంతటా కనిపించే సికిల్ సెల్ జబ్బులో ఎముకల నొప్పితో కుంటవచ్చు. మెదడులో రక్తప్రసారం ఆగి ఒక పక్క చచ్చుబడనూవచ్చు. మలేరియా మెదడుకెక్కి తగ్గిన తర్వాత కాళ్లూ చేతులూ బిగుసుకుపోయే పిల్లలుంటారు. కాన్పు కష్టమై మెదడుకు ప్రాణవాయువు అందకపోతే సెరిబ్రల్ పాల్సీ వస్తుంది.

ఇవేవీ నరాల-కండరాల జబ్బులు కావు. ఆ కోవలోకి వచ్చేవి వెన్నుపాములోని చలన నాడీకణం, దాన్నుంచి బయల్దేరే నరం, నరం కండరాన్ని కలిసే చోటు, చివరికి కండరం- ఈ నాలుగింటిలో ఎక్కడో ఒకచోట దెబ్బతిన్నవి. మొదటిచోట తేడా వస్తే స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ. నరం దెబ్బతింటే గీలన్ బారీ సిండ్రోమ్, వంశపారంపర్య నరాల జబ్బులు. కలిసేచోట అయితే మయస్థీనియా. కండరంలో అయితే డిస్ట్రోఫీలు.

వీటిని విడదీయడానికి తొలి ఆయుధాలు చేతివేళ్లు, ఒక చిన్న సుత్తి. కాలిని కదిలిస్తే బిగుసుకుని ఎదురుతిరుగుతోందా, లేక గుడ్డపీలికలా వాలిపోతోందా? బిగుసుకుంటే సాధారణంగా లోపం మెదడులోనో వెన్నుపాములోనో ఉంటుంది. వాలిపోతే అనుమానం నరాలు, కండరాల వైపు మళ్లుతుంది. అయితే మెదడు లోపంలోనూ కొందరు పసివాళ్లు మొదట్లో మెత్తగానే ఉంటారు. అప్పుడే సుత్తి అక్కరకొస్తుంది. మోకాలి చిప్ప కింద తడితే కాలు మామూలుకన్నా జోరుగా ఎగిరిపడితే మెదడు వైపు, అసలు కదలకపోతే నరం వైపు చూడాలి. ఉదయం చురుగ్గా ఉండి సాయంత్రానికి కనురెప్పలు వాలిపోతుంటే మయస్థీనియా. కొద్దిరోజుల్లోనే కాళ్ల నుంచి పైకి పాకుతూ చచ్చుబడితే గీలన్ బారీ. ఇది ఊపిరి కండరాలకు పాకే ప్రమాదం ఉంది కనుక ఆ పిల్లాడికి అప్పటికప్పుడు కావాల్సింది వ్యాయామం కాదు, ఆసుపత్రి మంచం.

కళ్లతో కొలత, కాగితం మీద లెక్క

అనుమానం వచ్చాక ఫిజియోథెరపిస్టు చేసే పరీక్ష ఆటలా ఉంటుంది. పిల్లాణ్ని పరిగెత్తమంటారు, గెంతమంటారు, మెట్టెక్కించి దించుతారు, ఒంటికాలి మీద నిలబెడతారు. నేల మీంచి లేవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారం చూసి రాసుకుంటారు. పిక్కలు చేత్తో పట్టి చూస్తారు. డుషెన్‌లో పిక్కలు బలంగా, ఉబ్బి కనిపిస్తాయి. ఇది చూసి పహిల్వాన్ అవుతాడని మురిసిపోయే తల్లిదండ్రులూ ఉంటారు. నిజానికి అక్కడ కండరం క్షీణిస్తూ కొవ్వు, పీచు కణజాలం చేరుతుంటుంది. మడమ వెనకున్న స్నాయువు కురచబడి మునివేళ్ల మీద నడుస్తుంటే చీలమండ ఎంత మేరకు వంగుతోందో కోణమానినితో కొలుస్తారు.

ఒక్కో కండరం బలాన్ని 0 నుంచి 5 దాకా అంకెల్లో రాస్తారు. కదలికే లేకపోతే 0, మామూలు బలముంటే 5. నడవగలిగే డుషెన్ పిల్లలకు 'నార్త్ స్టార్' అనే కొలమానం ఉంది. ఇందులో 17 పనులు, ఒక్కోదానికి 2 మార్కుల చొప్పున మొత్తం 34. ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడిచాడన్నది మరో పరీక్ష. ఒళ్లు మెత్తగా ఉండే పసికందులకు 'చాప్ ఇంటెండ్' పేరుతో 16 అంశాలు, 64 మార్కుల పరీక్ష ఉంది. ఇవన్నీ ప్రగతి పత్రాల్లాంటివి. ఒక్కరోజు మార్కులకన్నా ఆరునెలల తర్వాత ఎంత మారాయన్నదే ముఖ్యం. మందు పనిచేస్తోందో లేదో, చక్రాల కుర్చీ అవసరం ఎప్పుడు రావచ్చో, వెన్ను వంకర తిరుగుతోందో చెప్పేవి ఈ అంకెలే.

ఆపైన రక్తపరీక్ష. కండరం చితికినప్పుడు క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము రక్తంలోకి కారుతుంది. మామూలుగా అది లీటరుకు వంద, రెండొందల యూనిట్ల స్థాయిలో ఉంటుంది. డుషెన్ పిల్లల్లో పది వేలు దాటడం మామూలే. కొన్ని వందల రూపాయలతో అయ్యే ఈ పరీక్ష చేయించకపోవడం వల్లే చాలామంది పిల్లలు దారితప్పుతారు. కాలేయ పరీక్షల్లో చూసే రెండు ఎంజైములు కండరంలోనూ ఉంటాయి. కామెర్లేమోనని రక్తం తీస్తే అవి ఎక్కువగా కనిపిస్తాయి. దాంతో కండరాల జబ్బున్న పిల్లాడు కాలేయ వైద్యుల చుట్టూ తిరుగుతాడు. కాలేయ ఎంజైములు పెరిగిన పిల్లాడు సరిగా పరిగెత్తలేకపోతే ముందు క్రియాటిన్ కైనేజ్ చూడాలన్నది నరాల వైద్యుల సూత్రం.

చివరి మాట జన్యుపరీక్షది. డుషెన్‌కు కారణమైన డిస్ట్రోఫిన్ జన్యువును అమెరికాలో లూయీ కుంకెల్ బృందం 1986-87లో గుర్తించింది. మనిషిలోని అతిపెద్ద జన్యువుల్లో ఇదొకటి, 79 భాగాలున్నాయి. ఒకప్పుడు కండరం ముక్క కోసి పరీక్షించాల్సి వచ్చేది. ఇప్పుడు చాలా కేసుల్లో కొద్దిపాటి రక్తం చాలు. మరో మాటలో చెప్పాలంటే, హైదరాబాద్‌కు చేరాల్సింది ముందుగా పిల్లాడు కాదు, అతని రక్త నమూనా.

తొందరపడితే తప్పే

ఇంతా చేసి నయం చేసే మందు లేనప్పుడు పేరు తెలిసి ఏం లాభమన్న ప్రశ్న సహజం. లాభం వ్యాయామం దగ్గరే మొదలవుతుంది.

బలహీనంగా ఉన్నాడు కాబట్టి గుంజీలు తీయించాలి, మెట్లెక్కించి దించాలి, బరువులెత్తించాలి అన్నది లోకం తెలివి. సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో తగు పద్ధతిలో కండరాల్ని బలపరిచే వ్యాయామం పనికొస్తుంది కూడా. కానీ డుషెన్‌లో కండర కణం పొరను కాపాడే డిస్ట్రోఫినే ఉండదు. గుంజీలు, మెట్లు దిగడం లాంటి సాగదీసే శ్రమకు ఆ పొర చిరిగిపోతుంది. అంటే అక్కడ కఠిన వ్యాయామం మందు కాదు, గాయం. ఈ పిల్లలకు కావాల్సినవి రోజూ మడమ, మోకాలు, తుంటి కీళ్లను మృదువుగా సాగదీయడం, రాత్రిళ్లు చీలమండ స్ప్లింట్లు, అలసిపోని మేరకు ఆట, వీలైతే ఈత. మునివేళ్ల నడకను సెరిబ్రల్ పాల్సీ అనుకుని స్నాయువుకు ఆపరేషన్ చేస్తే నడుస్తున్న పిల్లాడు నడక కోల్పోయే ప్రమాదం ఉంది. కాలు విరిగితే వారాల తరబడి మంచానికి కట్టేసినా అంతే. మత్తుమందుల్లో సక్సినైల్‌కోలిన్ లాంటివి వీరికి ప్రాణాంతకం కావచ్చు. పేరు తెలియని చోట ఈ జాగ్రత్తలేవీ ఉండవు.

మందుల సంగతికొస్తే, ప్రెడ్నిసొలోన్, డెఫ్లజకార్ట్ అనే స్టెరాయిడ్లు నడకను రెండు మూడేళ్లు, కొందరిలో అంతకన్నా ఎక్కువ కాలం నిలబెడతాయి. అందుకు అవి బలం పూర్తిగా తగ్గకముందే మొదలవ్వాలి. ఒకసారి మొదలుపెట్టాక హఠాత్తుగా ఆపకూడదు. వానాకాలంలో వాగులు పొంగి దారులు తెగే ఊళ్లకు ఇది చిన్న షరతు కాదు. నెలకు సరిపడా మందు ఇంట్లో ముందే ఉండాలని చీటీ రాసేటప్పుడే చెప్పాలి. ఏటా గుండెకు, ఊపిరికి పరీక్షలూ తప్పవు. ఈ జాగ్రత్తల వల్లే ఒకప్పుడు ఇరవై ఏళ్లు దాటని డుషెన్ రోగులు మంచి వైద్యం అందేచోట ముప్ఫైల్లోకి అడుగుపెడుతున్నారు.

స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీలో కాలం విలువ ఇంకా ఎక్కువ. మెడ నిలపని, కప్పలా కాళ్లు పరిచి పడుకునే, ఏడుపు కూడా బలహీనంగా ఉండే పసికందు నాలుక సన్నగా వణుకుతోందంటే ఆ జబ్బును అనుమానించాలి. దీనికి కారణమైన జన్యువు 1995లో దొరికింది. 2016 చివర్లో తొలి మందు నుసినెర్సెన్‌కూ, 2019లో 16 కోట్ల రూపాయల జన్యు చికిత్సగా పేరుపడిన జోల్జెన్‌స్మాకూ, 2020లో నోటి ద్వారా తీసుకునే రిస్డిప్లామ్‌కూ అమెరికా అనుమతులు ఇచ్చింది. ఆరు లక్షల రూపాయలకు పైగా ఉన్న రిస్డిప్లామ్ సీసాకు జెనరిక్ తయారుచేసింది హైదరాబాద్ కంపెనీ నాట్కో. పేటెంట్ హక్కుదారు రోష్ కోర్టుకెక్కినా ఢిల్లీ హైకోర్టులో ఊరట దక్కలేదు. 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. నాట్కో ప్రకటించిన ధర సీసా 15,900 రూపాయలు. పేదింటికి అదీ భారమే. కానీ చేరుకోగలిగిన దూరంలోకి వచ్చింది. అయితే చచ్చిపోయిన నాడీకణాన్ని ఏ మందూ బతికించలేదు. వారాలు ముందుగా పసిగట్టడమే అక్కడ వైద్యం.

రెండో బిడ్డ ప్రశ్న

పేరు తేలడం వల్ల కలిగే మరో ప్రయోజనం పిల్లాడికి కాదు, కుటుంబానికి. డుషెన్ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తల్లి వాహకురాలైతే పుట్టే ప్రతి కొడుక్కీ జబ్బు సోకే అవకాశం సగం. ఆమె అక్కచెల్లెళ్లూ వాహకులు కావచ్చు. మరో పక్క మూడింట ఒక వంతు కేసుల్లో లోపం పిల్లాడిలోనే కొత్తగా పుడుతుంది, తల్లికి ఏ సంబంధమూ ఉండదు. అత్తింట్లో నిందలు మోసే తల్లికి ఆ కాగితం ఒక్కటే సాక్ష్యం. స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ లెక్క వేరు. తల్లీతండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. తెలుగువారిలోనూ, గోండు సమాజాల్లోనూ మేనరికాలు మామూలే కనుక ఈ రెండో రకం జబ్బుల మీద నిఘా మరింత అవసరం. మొదటి బిడ్డకు జన్యుపరీక్ష జరిగితేనే రెండో గర్భంలో తొలినెలల్లోనే పరీక్ష చేయించుకునే వీలుంటుంది. మొదటివాడికి 'బలహీనత' అని రాసి పంపేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

ఉన్న దారులు చాలవా?

మారుమూల ప్రాంతం కాబట్టి ఇదంతా అసాధ్యమనుకోవాల్సిన పనిలేదు. పోలియో నిఘానే అందుకు రుజువు. 15 ఏళ్లలోపు ఎవరికి హఠాత్తుగా కాలోచెయ్యో చచ్చుబడినా సమాచారం పైకి వెళ్లాలి. 14 రోజుల్లోగా రెండు మల నమూనాలు ప్రయోగశాలకు చేరాలి. 60 రోజుల తర్వాత పిల్లాణ్ని మళ్లీ చూడాలి. అడవిలోని ఊళ్లకూ ఇదే నిబంధన. హఠాత్తుగా వచ్చే పక్షవాతానికి ఇంత కట్టుదిట్టమైన ఏర్పాటు ఉండగా మెల్లగా ముంచుకొచ్చే బలహీనతకు మాత్రం గంట కొట్టే నాథుడు లేడు.

అందుకు కావాల్సిన చట్రం కాగితం మీద ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల్ స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీల్లోని పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు, బడిపిల్లల్ని ఒకసారి పరీక్షించాలి. వారు చూడాల్సిన 30 సమస్యల్లో ఎదుగుదల, కదలికల లోపాలూ ఉన్నాయి. జిల్లా స్థాయిలో ఫిజియోథెరపిస్టు ఉండే సత్వర చికిత్సా కేంద్రం ఆ పథకంలో భాగం. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో డుషెన్, స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ రెండూ ఉన్నాయి. ఎంపిక చేసిన కేంద్రాల్లో చికిత్సకు 50 లక్షల రూపాయల దాకా సాయం అందించేలా 2022లో దాన్ని సవరించారు. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి అలాంటి కేంద్రంగా పనిచేస్తున్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మస్క్యులర్ డిస్ట్రోఫీ ఒకటి. చిక్కల్లా ఈ ముక్కల్ని అతికే మనిషి లేకపోవడమే. గోదావరి అవతల తెలుగులో రాసిన చీటీకి ఇవతల హిందీలో కొనసాగింపు ఉండదు. ఇవతల బడిలో కనిపించిన లక్షణం అవతల వైద్యుడికి చేరదు.

అంగన్‌వాడీ కార్యకర్త, ఉపాధ్యాయుడు గుర్తుంచుకోవాల్సిన సంగతులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఏడాదిన్నరకు నడక రాకపోవడం. మూడేళ్లు దాటినా పరిగెత్తలేకపోవడం, గెంతలేకపోవడం. మాటిమాటికీ పడిపోవడం. మునివేళ్ల మీద నడక, ఉబ్బిన పిక్కలు. వచ్చిన పని మళ్లీ రాకుండా పోవడం. అన్నిటికన్నా ముఖ్యంగా, తొడల మీద చేతులు వేసుకుని లేవడం. వీటిలో ఏది కనిపించినా రాయాల్సింది టానిక్కు కాదు, క్రియాటిన్ కైనేజ్ పరీక్ష. పిల్లాడు లేచే తీరును సెల్‌ఫోన్‌లో అరనిమిషం వీడియో తీసి పంపితే దూరాన ఉన్న నిపుణుడికి పేజీల కొద్దీ వర్ణన కన్నా అదే ఎక్కువ చెబుతుంది. పైగా దానికి అనువాదం అక్కర్లేదు.

గోవర్స్ దగ్గర 1879లో రక్తపరీక్ష లేదు, జన్యుపరీక్ష లేదు. పిల్లాడు నేల మీంచి ఎలా లేస్తున్నాడో ఓపిగ్గా చూశారంతే. భోపాల్‌పట్నంలో ఈరోజు ఆ పాటి చూపుకు ఏ కొరతా ఉండకూడదు.